గట్టి బోల్టు మీద గుడ్డి నమ్మకం

ఈ వారం నాకు విసుగు తెప్పించినవాడు నోయిడాలో ఉండే మా అన్నయ్య కొడుకు. కరోల్‌బాగ్‌లో ముచ్చటపడి మార్పించుకున్న బుల్లెట్‌కి వెనక షాక్ అబ్జార్బర్ బోల్టు మళ్లీ విరిగింది. "8.8 గ్రేడు బోల్టు పోయింది, 10.9 పోయింది. ఈసారి ఇంకా గట్టి 12.9 వేయిస్తున్నా బాబాయ్, ఇంకెలా విరుగుతుందో చూస్తా" అన్నాడు.

విరిగిన ముక్క పారేయొద్దన్న నా చాదస్తం ఈ కాలమ్ చదివేవాళ్లకు తెలిసిందే. వాడికీ తెలుసు కనుక జేబులో వేసుకొచ్చాడు. ఎండలో పట్టి చూస్తే విరిగిన చోట ముప్పాతిక భాగం నునుపు. ఒక అంచు నుంచి బయల్దేరిన సన్నటి చారలు. మిగతా పాతిక గరుకు. ఒక్క గుంతలో పడి ఫట్టుమన్నది కాదన్నమాట. మర మొదలయ్యే గాడి దగ్గర పుట్టిన పగులు కుదుపు కుదుపుకీ లోపలికి పాకింది.

మెకానిక్ మాత్రం ఆ గరుకు చూపించి "లోహం పలుకులు కట్టింది, మాల్ బాలేదు" అన్నాడట. పాపం, అతన్నేమీ అనలేం. 1842 మే 8న ఫ్రాన్స్‌లో వెర్సాయ్ దారిలో రైలింజను ఇరుసు విరిగి యాభైమందికి పైగా చనిపోయారు. వాడగా వాడగా ఇనుము పలుకులు కట్టి పెళుసెక్కుతుందని ఆ రోజుల్లో పెద్ద పెద్ద ఇంజనీర్లే నమ్మేవారు. ఇనుము పలుకులు కట్టలేదనీ, ఇరుసు లావు ఒక్కసారిగా తగ్గే మూల దగ్గర పగులు పుట్టి పెరుగుతుందనీ మరుసటి ఏడే చెప్పినవాడు రాంకిన్ అనే ఇంజనీరు, అప్పటికి కుర్రాడు. తర్వాత ప్రష్యాలో వోలర్ ఏళ్ల తరబడి ఇరుసులు తిప్పి తిప్పి పరీక్షించాడు. ఒక్కసారికి విరగని బరువే లక్షలసార్లు పడితే విరిచేస్తుందని తేల్చాడు.

ఇక మావాడి బండి. లావు టైరు పట్టడానికి స్పేసర్లు వేసి షాక్‌ని బయటికి జరిపారు. బోల్టుకి ఒక వైపే పట్టు, రెండో కొస గాల్లో. దూరం రెట్టింపైతే వంచే బలమూ రెట్టింపే. పైగా మెరుపు కోసం క్రోమ్ పూత! అంత గట్టి ఉక్కుకి పూత పూసేటప్పుడు హైడ్రోజన్ చేరితే పెళుసెక్కుతుంది.

కంపెనీ అమరికను కదపొద్దని నేను ఏళ్లుగా మొత్తుకుంటున్నదే. బండికి చేసే మార్పులను కట్టడి చేసే మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్‌నీ ఎన్నోసార్లు ఇక్కడ గుర్తుచేశాను. సన్న టైరు వేసి స్పేసర్లు పీకించమన్నాను కూడా. వాడు వినడు. పోనీ, ఆ బోల్టు గట్టిగా నిలబడితే? పగులు వెనక చక్రాన్ని పట్టి ఉంచే స్వింగ్ ఆర్మ్ వెల్డింగ్‌కి రావచ్చు. అప్పుడిక రోడ్డు మీద ప్రాణాల మీదికే. అందుకే ఇన్నాళ్ల నా పాట పక్కనపెట్టి ఇంకో మార్పు చేయించమన్నాను: మంచి టర్నర్ దగ్గర బయటివైపు ఒక పలక కట్టించి, బోల్టుకి రెండు కొసలా పట్టు ఇవ్వాలి, పలకల మధ్య మర లేని నున్నటి కాడే ఉండాలి. అప్పుడు మామూలు 8.8 చాలు.

మీ బండికీ స్పేసర్లుంటే రేపు పొద్దున ఆ నట్టు కింద వాషర్ని వేలితో తిప్పి చూడండి. తిరిగిందా, పానా పట్టేదాకా బండి తీయకండి.