తాబేలు నడక - వాడ పిల్లల లెక్క

పిల్లలకు కంప్యూటర్ నేర్పడం వేరు, పిల్లలు కంప్యూటర్‌కు పని చెప్పడం వేరు. మొదటి చదువు గుమాస్తాల్ని తయారు చేస్తుంది. రెండోది ఆజ్ఞ ఇవ్వడం నేర్పుతుంది. తరతరాలుగా ఆజ్ఞలు మోయడమే వంతుగా పడ్డ కులాల పిల్లలకు ఈ తేడా చిన్నదేం కాదు. అందుకే సేమూర్ పేపర్ట్ 1980లో రాసిన 'మైండ్‌స్టార్మ్స్' పుస్తకాన్ని దళిత దృష్టితో చదవాల్సి ఉంది.

పేపర్ట్ దక్షిణాఫ్రికాలో పుట్టాడు. అక్కడి వర్ణవివక్షను వ్యతిరేకించాడు. 1967లో వాలీ ఫ్యూర్జీగ్, సింథియా సాలమన్‌లతో కలిసి పిల్లల కోసం లోగో అనే కంప్యూటర్ భాషను తయారు చేశాడు. అందులో తెర మీద ఒక తాబేలు ఉంటుంది. 'ముందుకు 100, కుడికి 90' అని నాలుగుసార్లు చెప్తే చతురస్రం గీస్తుంది. ఇప్పుడు త్రిభుజం గీయమనండి. సమబాహు త్రిభుజంలో కోణం 60 డిగ్రీలని చదువుకున్న పిల్ల 'ముందుకు 100, కుడికి 60' అని మూడుసార్లు చెప్తుంది. త్రిభుజం రాదు, సగం షడ్భుజి గీసి తాబేలు ఆగిపోతుంది. ఎందుకంటే అది తిరగాల్సింది బయటి కోణం, అంటే 120. పిల్ల లేచి తనే తాబేలై నడిస్తే మూల దగ్గర ఎంత తిరగాలో ఒంటికే తెలుస్తుంది.

పేపర్ట్ చెప్పిన విలువైన మాట ఇక్కడే ఉంది. ప్రోగ్రామ్‌లో తప్పొస్తే దాన్ని వెతికి సరిచేసుకోవాలి, అంతే. అది పిల్ల తెలివి మీద తీర్పు కాదు. మరి మన బడుల్లో జరిగేదేంటి? అగ్రకుల పిల్లాడు తప్పు చేస్తే 'పరధ్యానం'. మాదిగ పిల్ల అదే తప్పు చేస్తే 'వీళ్ళకి లెక్కలెక్కడ వస్తయి'. యంత్రం కులం అడగదు గదా అని మురిసిపోనక్కర్లేదు. యంత్రం పక్కన నిలబడ్డ పంతులు అడుగుతాడు.

పుస్తకం చివర్లో పేపర్ట్ బ్రెజిల్ సాంబా స్కూళ్ళను నమూనాగా చూపిస్తాడు. పిల్లలూ పెద్దలూ, కొత్తవాళ్ళూ ఆరితేరినవాళ్ళూ అక్కడ కలిసి నేర్చుకుంటారు. మంచిదే. మన డప్పు దరువులోనూ లెక్క ఉంది, తిరిగి తిరిగి వచ్చే వరస ఉంది. వాడ పిల్లలు పెద్దల పక్కన నిలబడే దాన్ని పట్టుకుంటారు. కానీ ఊళ్ళో చావుకి ఆ డప్పు కొట్టితీరాల్సిందేనని శాసించిందెవరు? నేర్చుకునే ఆనందం ఒక్కటే చాలదు, నేర్చినదాన్ని వదిలేసే స్వేచ్ఛ కూడా కావాలి. పేపర్ట్ నమూనాలో ఈ ప్రశ్నకి చోటు లేదు. కులవృత్తి బరువు తెలిసినవాళ్ళం మనం అడక్క తప్పదు.

ఇది పాత ప్రశ్నే. 1953లో మద్రాసు రాష్ట్రంలో రాజాజీ ప్రభుత్వం పల్లె బడి పిల్లలకు సగంపూట చదువు, మిగతాపూట ఇంటి వృత్తి అంది. ఇది కులవిద్య అని జనం తిరగబడితే 1954లో రద్దయింది. 2020 జాతీయ విద్యావిధానం 6 నుంచి 8 తరగతుల్లో కోడింగ్ పెట్టాలంది. అవే తరగతుల్లో వడ్రంగం, కుండలు చేయడం, తోటపని కూడా నేర్పాలంది. కాగితం మీద రెండూ అందరికీ. ఆచరణలో ఏ బడికి ఏది దక్కుతుంది? 2017-18 జాతీయ నమూనా సర్వే లెక్కన కంప్యూటర్ ఉన్న ఇళ్ళు పట్నాల్లో 23.4 శాతం, పల్లెల్లో 4.4 శాతం. ఇంట్లో లేని యంత్రం బడిలోనన్నా చేతికందాలి. బడిలో ఆ గదికి తాళం పడితే కోడింగ్ వాళ్ళకీ, కుండలు మనకీ మిగుల్తాయి. చేతిపని తక్కువదని ఎవరన్నారు? చెప్పు కుట్టే చేతికి కొలత బాగా తెలుసు. పనిని కులానికి కట్టేయడం దగ్గరే మన పేచీ.

యంత్రం లేకుండా కాగితాలతో, ఆటలతో ప్రోగ్రామింగ్ నేర్పొచ్చని కొందరంటున్నారు. మొదలుపెట్టడానికి అది మంచి దారే. అక్కడే ఆపేస్తే మాత్రం మన పిల్లలకు కాగితం, వాళ్ళ పిల్లలకు కంప్యూటర్. గది తాళం తీయమని అడుగుదాం. ఆదేశాల్ని పిల్లలు ముందు తమ తెలుగులో చెప్పుకోనిద్దాం. ఒక యంత్రం ముందు ముగ్గురు కూర్చుంటే కీబోర్డు ముగ్గురికీ వంతులవారీగా అందాలి. ఎవరు ముట్టుకున్నారు, ఎవరు వెనక నిలబడి చూశారు? 'ముట్టుకోవడం' అన్న మాట బరువు ఈ పత్రిక పాఠకులకు విడమరచి చెప్పాలా? ఉపాధ్యాయ మిత్రులు ఒక్క నెలపాటు తమ తరగతిలో ఈ లెక్క రాసిపెట్టండి. చర్చ దాని మీద చేద్దాం.