తుపాకీని ఆపిన అడవి, నీటిని కాచిన చెరువు

సెలవు రోజున పిల్లల్ని వెంటబెట్టుకుని వెళ్లే చెన్నై శివారు మనలి వాసులకు గిండీ అడవి అయినా, వేడంతాంగల్ పక్షుల చెరువు అయినా విహారస్థలమే. రెండు చోట్లా వేట నిషిద్ధం. ఆ నిషేధం ఎవరి కోసం పుట్టిందో చూస్తే మాత్రం రెండింటికీ పొంతన లేదు.

గిండీ ఒకప్పుడు దొరల వేటమైదానం. గిల్బర్ట్ రోడ్రిక్స్ అనే దొర సొత్తుగా ఉన్న అడవిని 1821లో ప్రభుత్వం 35,000 రూపాయలకు కొన్నది. 1910లో అది రిజర్వు అడవి అయింది, 1978లో జాతీయ పార్కు. తుపాకీ ఆగబట్టే కృష్ణజింకలు, చుక్కల దుప్పులు నగరం నడిబొడ్డున బతికి ఉన్నాయి. అది తక్కువ మేలు కాదు. కానీ అడవే తరిగిపోయింది. ఐఐటీకి కొంత, నాయకుల స్మారకాలకు కొంత పోగా ఇప్పుడు మిగిలింది 270 హెక్టార్లు. జింకను కాల్చకూడదన్న కట్టడి దాని మేతనేలను కాపాడలేకపోయింది.

వేడంతాంగల్‌లో కట్టడిని అడిగినవాళ్లు రైతులు. చెరువు మీది పక్షులను తెల్లసిపాయిలు కాల్చేస్తున్నారని కలెక్టరుకు మొరపెట్టుకున్నారు. 18వ శతాబ్దం చివర్లో కలెక్టరు లయొనెల్ ప్లేస్ కాలంలో పక్షులను కాపాడుకునే హక్కు వాళ్లకు దక్కింది. రైతుల లెక్క సూటిగా ఉంది. నీళ్లలో నిలిచిన చెట్లనిండా గూళ్లు, వాటి కింద తెల్లగా రాలే రెట్ట, తూము దాటి ఆ నీరు వరిమడికి చేరితే అదే ఎరువు. సూళ్లూరుపేట దగ్గరి నేలపట్టులోనూ ఊరివాళ్లు ఈ లెక్కతోనే పక్షులను ఆదరించారు. పక్షి బతకాలంటే చెరువు బతకాలి కాబట్టి వాళ్లు రెండింటినీ కాచుకున్నారు.

నా తీర్పు వేడంతాంగల్ వైపే. గిండీ పద్ధతి ఒక్కటే మనలికి చాలదు. మనకు కంచె వేసిన అడవి లేదు. మన పక్కనే, చిత్తూరు సీమ నుంచి వచ్చే కుశస్థలి నది ఎన్నూరు దగ్గర సముద్రంలో కలిసే చోట ఉప్పునీటి మడుగులున్నాయి, కొంగలున్నాయి, గూడబాతులున్నాయి. 2023 డిసెంబరు తుపాను వరదలో అక్కడ చమురు తెట్టు పరుచుకుంది. గూడబాతుల రెక్కలు నల్లబడ్డాయి. జాలర్ల వలలూ పడవలూ పాడయ్యాయి. ఒక్క తూటా పేలలేదు.

అలాగని వేట చట్టం చిన్నదని కాదు. 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం అభయారణ్యాల లోపలే కాదు, బయటా వర్తిస్తుంది. రక్షిత పక్షికి ఉచ్చు వేయడం, విషం పెట్టడం, గుడ్లు తీయడం, అందుకు ప్రయత్నించడం కూడా నేరమే. మనలిలో ఎక్కడైనా కొంగలకు వల పన్నినట్టు కనిపిస్తే అటవీ శాఖకు చెప్పండి. అధికారులకు నా విన్నపం ఒకటే: ఎన్నూరు నీటిని గురించి ఏ నిర్ణయం తీసుకున్నా, ఆ నీటి మీదే బతికే జాలర్లను ముందు కూర్చోబెట్టి అడగండి.