కంటె లేని తారతమ్యము

ఈ వారము మంగళగిరిలో ఒక చీరల దుకాణముపై “మరింత శ్రేష్ఠతరమైన చీరలు” అను ఫలకమును చూచి మనసు చివుక్కుమన్నది. శ్రేష్ఠ శబ్దమునందే అతిశయమున్నది గదా, దానిపై మరల తరమేల యని కొందరు తర్కింతురు. యజుర్వేదారంభమందే ‘శ్రేష్ఠతమ’ యున్నది గనుక ఆ పునరుక్తి నన్నంతగా బాధింపలేదు. దేనికంటె శ్రేష్ఠమో చెప్పకుండుటయే నా అభియోగము.

‘కంటె’ యెడల నాకు గల పక్షపాతము ఈ శీర్షికను చదువువారికి క్రొత్త కాదు. పాణిని పంచమాధ్యాయమున తరప్, ఈయసున్, తమప్, ఇష్ఠన్ అను ప్రత్యయములను విధించి, గుణవాచకము తుదనే తారతమ్యమును నిలిపినాడు. లాటినుదియు అదియే మార్గము. తెలుగు విశేషణమో, మంచి చీర, మంచి చీరలు, మంచి చీరకు అని యెన్ని విధముల త్రిప్పినను లింగవచనవిభక్తులలో దేనికిని లొంగదు. తారతమ్యమునకును అది మారదు; పోల్చబడిన రెండవ వస్తువునకే గుర్తు తగిలించి ‘దానికంటె మంచిది’ యందుము. 1858 నాటి బాలవ్యాకరణమున చిన్నయసూరి ఈ కంటెను పంచమీవిభక్తిలో చేర్చినాడు. హిందీ ‘సే’, జపానీయుల ‘యోరి’ యు నిట్టివే. కొలమానమును వాక్యములోనికి పిలువనిదే అతిశయము చెప్పనీయని ఈ పద్ధతిలో ఒక ధర్మమున్నది.

ఇట్లు తలచుచు నేను ఆ దుకాణములోనే కూర్చుండగా, ఒక గృహిణి రెండు నేతచీరల అంచులను బొటనవ్రేలికిని చూపుడువ్రేలికిని నడుమ నలిపి చూచి, “ఏది సన్నమండీ?” యని యడిగినది.

“ఇదమ్మా సన్నం. 80 నంబరు. అది ముతక, 60.”

ఒక పౌను నూలులో 840 గజముల చిలపలు ఎన్ని వచ్చునో అదియే నంబరు కనుక, సంఖ్య పెరిగిన కొలది దారము సన్నమగును. ముతక యనిపించుకొన్న ఆ చీరయే 40 నంబరు ప్రక్కన పరచినచో సన్ననిదగును. ప్రశ్నలో గాని జవాబులో గాని కంటె లేదు, అయినను పోలికకు లోపము రాలేదు. రెండును కన్నుల యెదుట నున్నచో ఉత్త విశేషణమే పోలికను మోయును. ఎదుట లేనిదానిని పిలువవలసి వచ్చినప్పుడే కంటెతో పని. పొరుగున వరుసగా చీరల దుకాణములే యున్న వీథిలో, దేనికంటె యని ఫలకము నడుగుట కూడ అనవసరమే; ‘మంచి చీరలు’ అని యున్నను చాలును.

ఇంటిలో పసిబిడ్డలు కంటెను పలుక నేర్వక మునుపే, పళ్లెములోని రెండు అప్పచ్చులలో ఒకదానిపై వ్రేలుపెట్టి “నాకు పెద్దది” యందురు. బడిలో తారతమ్యపాఠము చెప్పునప్పుడు ఆ వాక్యమే ముందు, పంచమీవిభక్తి తరువాత రావలెను.