పేరుండీ తెలియనివారు

ఖతీబ్ బగ్దాదీ (రహ్మలై) 'అల్ కిఫాయా' నుంచి కొన్ని పుటలు తెలుగు చేస్తూ ఉండగా ఒక్క మాట దగ్గర నా కలం రెండు రోజులు ఆగిపోయింది. ఆ మాట 'మజ్హూల్'. హదీసు ఉల్లేఖకులలో ఎవరి సంగతి విద్వాంసులు ఎరుగరో అతడు మజ్హూల్. నిఘంటువు 'అజ్ఞాతుడు' అంటుంది. కాని మన ఉత్తర తెలంగాణలో అజ్ఞాతం అనగానే అడవి బాట పట్టినవారు గుర్తుకొస్తారు. 'అనామకుడు' అందామా అంటే అర్థమే చెడుతుంది. పేరే చెప్పని ఉల్లేఖకుణ్ణి 'ముబ్‌హమ్' అంటారు, అతడు వేరు. మజ్హూల్‌కు సాధారణంగా పేరుంటుంది, తండ్రి పేరూ ఉంటుంది. అతణ్ణి ఎరిగి చెప్పేవాడే ఉండడు. చివరకు 'పేరుండీ తెలియనివాడు' అని వ్రాశాను. అందంగా లేదు గాని తప్పు కాదు.

ఆ మాట నన్ను ఇంతగా పట్టుకోవడానికి మందమర్రి కారణం. ఆ రోజుల్లోనే బంధువుల ఇంట నికాహ్‌కు అక్కడికి వెళ్ళాను. జిల్లా ప్రముఖుల జీవిత విశేషాలు ఎత్తి వ్రాసుకున్న నోటు పుస్తకం నా సంచిలో ఉంది. అసర్ నమాజు తరువాత రిటైరైన ఒక గని కార్మికుడు దానిని చూసి, "ఇండ్ల మా అబ్బా పేరు ఉంటదా, మౌల్వీసాబ్?" అని అడిగాడు. ఏం పని చేసేవారన్నాను. కళ్యాణిఖనిలో కోల్ ఫిల్లర్ అట. లేదని నాకు తెలుసు. అయినా వెతుకుతున్నట్టు పుటలు తిప్పాను. ఆ నటన ఇప్పటికీ నాకు సిగ్గుగానే ఉంది.

ఆ నోటు పుస్తకానికి ఆధారమైన గ్రంథాలను చిన్నచూపు చూడడం నా ఉద్దేశం కాదు. 1978లో సరోజినీ రేగాని సంపాదకత్వాన వచ్చిన స్వాతంత్ర్య సమరయోధుల వివరమాల లేకుంటే వందలాది పేర్లు ఏనాడో చెరిగిపోయేవి. కాని దానికి జైలు ఒక గుమ్మం వంటిది: పేరు, ఊరు, పుట్టిన ఏడు, పడిన శిక్ష. ఆ గుమ్మం దాటనివాడికి అందులో చోటు దొరకడం కష్టం. బొగ్గు చరిత్ర సంగతీ అంతే. 1871లో విలియం కింగ్ ఇల్లందు ప్రాంతంలో బొగ్గును గుర్తించాడని ప్రతి పుస్తకమూ చెబుతుంది. అంతకు ముందే భద్రాచలం యాత్రికులు నల్లరాళ్ళతో పొయ్యి పెడితే ఆ రాళ్ళే అంటుకున్నాయని జనం చెప్పుకుంటారు. కింగ్‌కు పేరు దక్కింది, యాత్రికులకు పొయ్యి మిగిలింది.

మన పాఠకులకు ఇబ్బంది కలిగించే సంగతి ఒకటి ఉంది. దానిని దాటవేయరాదు. పాత ఆదిలాబాద్ జిల్లా స్థానిక చరిత్రలో ముస్లిం పేరు కోసం వెతికేవాడికి ముందుగా ఎదురయ్యేది 1940 నాటి జోడేఘాట్. కుమ్రం భీం ప్రాణం తీసిన ఆ ఘటన కథనాలలో తాలూక్‌దారు అబ్దుల్ సత్తార్ పేరు వస్తుంది. అల్లం రాజయ్య, సాహు కలిసి వ్రాసిన నవల తరువాత ఈ కథ ఇంటింటికీ చేరింది. ఆ పేరును దాచాలని నేననను. జర్హ్, తఅదీల్ శాస్త్రం నేర్పిన సమాజం తనవారి తప్పును తానే నమోదు చేయగలగాలి. నా ఫిర్యాదు వేరు. అధికారి పేరు నిలిచిన ఆ జిల్లాలోనే, అదే మతానికి చెందిన వేలమంది కూలీలు తట్టలు మోసి, టబ్బులు నింపి, పైకప్పుకు దుంగలు నిలబెట్టి వెళ్ళిపోయారు. వారి వంతు పుట మాత్రం ఖాళీగా ఉంది.

ఒక ఊరి మనుషులను ఎలా వ్రాయాలో ఖతీబే చూపించాడు. ఆయన 'తారీఖ్ బగ్దాద్'లో 7,800కు పైగా జీవితాలున్నాయి. ఖలీఫాలు, న్యాయాధీశులే కాదు, నూనె అమ్మేవారు, బట్టలు కుట్టేవారు, చెప్పులు చేసేవారు తమ వృత్తి పేరుతోనే అందులో కనిపిస్తారు. మెచ్చుకోవలసిన చోట మెచ్చుకుంటాడు, నమ్మదగనివాణ్ణి నమ్మదగడనే అంటాడు. అంతకు రెండు శతాబ్దాల ముందు ఇబ్న్ సఅద్ తన 'తబఖాత్'లో కమ్మరి ఖబ్బాబ్ (రజి)ను ఖురైష్ నాయకుల సరసన నిలిపాడు, స్త్రీలకు ఒక సంపుటమే కేటాయించాడు.

తెలుగునాట ఈ పనికి దగ్గరగా వచ్చిన పుస్తకం సురవరం ప్రతాపరెడ్డి 'గోలకొండ కవుల సంచిక' (1934). తెలంగాణలో కవులే లేరన్న మాటకు 354 మందితో ఇచ్చిన జవాబు అది. సయ్యద్ నశీర్ అహమ్మద్ 'అక్షర శిల్పులు' (2010) 333 మంది ముస్లిం కవులను, రచయితలను ఒకచోట చేర్చింది. ఈ రెండింటి మేలు నేను మరువను. అయితే రెండింటిలోనూ కలం పట్టినవాడికే ప్రవేశం. పైగా మనవాళ్ళు ఇటీవల ఊరూరా వేసే ప్రముఖుల సంచికల్లో విమర్శ అన్నదే కనపడదు. ప్రతి హాజీసాబూ దాతే, ప్రతి నాయకుడూ నిస్వార్థపరుడే. తాలూక్‌దారు పేరు పక్కన పది పొగడ్తలు పేర్చినంత మాత్రాన లెక్క సరిపోదు.

మరి ఫిల్లర్ గురించి వ్రాయడానికి ఆధారమేది? ఉంది. 1952 గనుల చట్టం ప్రకారం ప్రతి గనిలో బి ఫారం రిజిస్టరు ఉంచవలసి ఉండేది. పేరు, తండ్రి పేరు, వయస్సు, చేసే పని, చేరిన తేదీ అందులో ఉంటాయి. ఉల్లేఖకుల గ్రంథంలో ఒక వ్యక్తికి ఇచ్చే తొలి పంక్తి దాదాపు ఇదే. ఇక మరణం: ఇబ్న్ ఖల్లికాన్ (రహ్మలై) మరణ తేదీ నిర్ధారణ కానివారిని తన 'వఫయాతుల్ అయాన్'లో చేర్చలేదు. ఆ షరతు గని కార్మికుడికి అతి సులభం. 2003 జూన్ 16న గోదావరిఖని 7 ఎల్.ఇ.పి. గనిలోకి నీరు చొచ్చుకొచ్చి 17 మంది చనిపోయారు. వారి మరణ దినం మనకు తెలుసు. ఆ ఉదయం వరకు వారు ఎలా బ్రతికారన్నది మాత్రం రిజిస్టరు చెప్పదు.

ఇక్కడే నేను ఆగిపోయిన ఆ పుట అక్కరకు వచ్చింది. విద్యకు పేరుపడిన ఇద్దరు ఒకనినుంచి ఉల్లేఖిస్తే అతని మజ్హూల్ స్థితి తొలగుతుందని ఖతీబ్ అంటాడు. అంతలో అతడు విశ్వసనీయుడైపోడని కూడా వెంటనే హెచ్చరిస్తాడు. ముందు మనిషి తెలియాలి, మెప్పు సంగతి తరువాత. స్థానిక చరిత్రకు ఇంతకంటె మంచి కొలబద్ద నాకు కనపడలేదు. సాక్షి ముస్లిమై ఉండాలనే షరతు హదీసుకు వర్తిస్తుంది, బొగ్గుబావికి వర్తించదు. విద్య షరతును కూడా ఇక్కడ సడలించక తప్పదు. బావిలో పక్కన పనిచేసినవాడి ఎరుకే ఇక్కడ విద్య.

ఆ సాయంత్రం నోటు పుస్తకం మూసి, "మీ అబ్బా గురించి మీరు చెప్పండి, వ్రాసుకుంటాను" అన్నాను. గంటసేపు చెప్పాడు. తండ్రి కోపం గురించీ చెప్పాడు, జీతం రోజు ఆలస్యంగా ఇల్లు చేరడం గురించీ చెప్పాడు. మీరు గాక ఆయనను ఎరిగినవారు ఇంకెవరున్నారని అడిగాను. ఇద్దరూ కలిసి ఒకే టబ్బు నింపేవారట, ఆ రెండో ఆయన రామకృష్ణాపూర్‌లో కూతురి దగ్గర ఉంటున్నాడు. కండ్లు సరిగా కనిపించవు గాని జ్ఞాపకం బాగుందట.