దుబ్బాక మగ్గమును ఆరోగ్యశ్రీ చీటియును

ఒక ప్రభుత్వ పథకమును విమర్శింపబూనువాడు మొదట దానివలన గలిగిన మేలును ఒప్పుకొని, పిమ్మట లోపమును చూపుట న్యాయము. ఆరోగ్యశ్రీని గూర్చి మన యిండ్లలో రెండే మాటలు వినబడుచున్నవి. కొందఱు దానిని బీదలపాలిటి కల్పవృక్షమందురు. కొందఱు ప్రైవేటు ఆసుపత్రులకు దోచిపెట్టిన బొక్కసమందురు. రెండును తొందరపాటు మాటలే. పథకమును కొలువవలసినది సభలలో గాదు. అది యెవరికొఱకు పుట్టినదో వారి యింటిలో. అందుచేత సిద్దిపేట జిల్లాలోని దుబ్బాకను ఈ వ్యాసమునకు కొలతబద్దగా తీసికొనుచున్నాను. అది మగ్గముల యూరు, బీడీల యూరు. పగలెల్ల యింటిలోనే కూర్చుండి, దేహమును కొంచెము కొంచెముగా అరగదీసికొని బ్రదుకువారు అచట పెక్కండ్రు కలరు.

మేలు మొదట చెప్పుదము. 2007 ఏప్రిల్ 1వ తేదీన మహబూబునగరము, అనంతపురము, శ్రీకాకుళము జిల్లాలలో ఆరోగ్యశ్రీ మొదలై, పిమ్మట ఉమ్మడి రాష్ట్రమంతటను వ్యాపించెను. తెల్లచీటి గల కుటుంబమునకు ఏడాదికి 2 లక్షల రూపాయల వఱకు పెద్ద జబ్బుల ఖర్చును ప్రభుత్వమే భరించెను. అంతకుముందు గుండెకు శస్త్రచికిత్స యన్నచో బీదవానికి రెండే దారులు: ఉన్న యెకరము నమ్ముకొనుట, లేదా దైవముపై భారము వేయుట. మూడవ దారి యొకటి తెఱచుట చిన్న పని గాదు. 2023 డిసెంబరు 9వ తేదీనుండి తెలంగాణలో ఈ మితిని 10 లక్షలకు పెంచిరి. దీనిని తక్కువ చేసి మాటాడువాడు ఆసుపత్రి వరండాలో ఒక రాత్రియైనను గడపనివాడై యుండును.

ఇక దుబ్బాక గడపలోనికి పోదము. ఒక నేత కుటుంబమును ఊహింపుడు. భర్త గుంటమగ్గముకడ కూర్చుండి, కాళ్లు గుంటలోనికి జారవిడిచి, రోజంతయు పావళ్లు తొక్కుచుండును. గుంటలో చెమ్మ, నడుమునకు ఆనుడు లేదు, దారము తెగినప్పుడెల్ల వంగి కండ్లు చికిలించి ముడివేయవలయును. భార్య ఒడిలో చేట పెట్టుకొని, తునికాకు కత్తిరించి, పొగాకు నింపి, వెయ్యి బీడీల లెక్కన కూలికి చుట్టుచుండును. ఆ పొగాకు దుమ్ము ఆమె ఊపిరిలోనికే గాక, ప్రక్కన పండుకొన్న పసిబిడ్డ ఊపిరిలోనికిని పోవుచుండును. ముసలితల్లికి రక్తపోటు, రోజుకొక మాత్ర. ఇది ఏదో యొక యింటి కథ కాదు. 2019-21 నాటి జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారము తెలంగాణలోని స్త్రీలలో నాలుగవ వంతునకు పైగా అధిక రక్తపోటు గలదు. పురుషులలో అంతకంటె నెక్కువ. పదునైదు మొదలు నలువదితొమ్మిదేండ్ల వఱకు గల స్త్రీలలో సగముకంటె నెక్కువమందికి రక్తహీనత యున్నది.

ఈ యింటివారికి ఏ నెలలోను ఆసుపత్రిలో చేరవలసిన యవసరము రాదు. ఏ నెలలోను మందుల దుకాణపు బాకీ తీఱదు. నడుము నొప్పికి గోళీలు, దగ్గునకు సీసా, తల్లికి మాత్రలు, కండ్లకు అద్దములు — వీనిలో దేనికిని పది లక్షల చీటి పనికిరాదు. చేతిలో డబ్బాడని నెలలో తల్లి మాత్ర మానును. అట్లు కొన్నేండ్లు గడచిన పిమ్మట ఒకనాటి తెల్లవారుజామున ఆమె నోరు వంకరపోయి, కాలు చేయి పడిపోవును. అప్పుడు చీటి మేలుకొనును! పట్నమునకు వాహనము, ఆసుపత్రిలో మంచము, వైద్యునికి రుసుము అన్నియు సమకూడును. చవక మాత్రకు లేని డబ్బు వేల రూపాయల చికిత్సకు ఎక్కడనుండి వచ్చినది? శస్త్రచికిత్స పిమ్మట కొన్ని జబ్బులకు మందు లిచ్చు ఏర్పాటు ఆరోగ్యశ్రీలో గలదు. కాని ఆ మందులకు అర్హత సంపాదించుటకు ముందుగా మనిషి కూలిపోవలయును. మన దేశమున జనులు తమ చేతినుండి వైద్యమునకు వెచ్చించు ధనములో అధికభాగము ఆసుపత్రి మంచమునకు గాక, ఇంటికి కొని తెచ్చుకొను మందులకే పోవుచున్నదని లెక్కలు చెప్పుచున్నవి.

ఈ సంగతి పాలకులకు తెలియదనుట సరికాదు. 2005-06లో కేంద్రప్రభుత్వము నేతపనివారికి ఒక ఆరోగ్య బీమా నేర్పరచెను. కుటుంబమునకు ఏడాదికి 15,000 రూపాయలే. కాని అందులో 7,500 వఱకు ఆసుపత్రిలో చేరకయే చూపించుకొను వైద్యమునకు వాడుకొనవచ్చును. మొత్తము చిన్నది, ఆలోచన పెద్దది. మగ్గమెఱిగినవాడెవడో వ్రాసిన నియమము వలె నున్నది. పిమ్మట అది నిలిచిపోయినది. అట్లే బీడీ కార్మికులకొఱకు 1976లో చట్టము చేసి, బీడీలపై సుంకము విధించి, ఆ ధనముతో వారికి దవాఖానలు నడపిరి. ఏ సరకు దేహమును చెఱచుచున్నదో ఆ సరకే వైద్యమునకు చెల్లించుట ధర్మమైన యేర్పాటు. 2017లో వస్తుసేవల పన్ను వచ్చినప్పుడు ఆ సుంకము రద్దయినది. అప్పుడు బీడీపై పన్ను తగ్గలేదు. కార్మికురాలి పేర వ్రాసియున్న పాలు మాత్రము పోయినది. బావి యున్నది, ఊట తెగినది.

రెండవ లోపము ఇంతకంటె సూక్ష్మమైనది. వైద్యము తక్కిన సరకులవంటిది కాదని అమెరికా ఆర్థికశాస్త్రవేత్త కెన్నెత్ ఏరో 1963లోనే నిరూపించెను. బట్ట కొనువాడు బట్టను తడిమి చూచుకొనును; రోగి తనకేమి కావలయునో తా నెఱుగడు, అమ్మువాడే నిర్ణయించును. అట్టిచోట ఒక్కొక్క పనికి ఇంత యని చెల్లించినచో, పనులు పెరుగును గాని ఆరోగ్యము పెరుగునను నమ్మకము లేదు. దీనికి దృష్టాంతము మన యాడువారి దేహములందే యున్నది. పైని చెప్పిన సర్వేలో తెలంగాణ కాన్పులలో నూటికి 60.7 కడుపుకోత కాన్పులు; దేశమంతటికి సగటు 21.5. మన రాష్ట్రపు ప్రైవేటు ఆసుపత్రులలో అది నూటికి ఎనుబది దాటినది. ఇది ఆరోగ్యశ్రీ చేసిన పని యని నే ననను. ముహూర్తము చూచి కోయించుకొను మన మూఢతకును ఇందు పాలు గలదు. కాని కత్తికి ధర కట్టి, ఓపికకు ధర కట్టని వ్యవస్థ ఎటు నడచునో ఇది చూపుచున్నది.

మూడవ లోపము అన్నిటికంటె పెద్దది. జబ్బు పుట్టుచోటును ఈ పథకము చూడనేలేదు. ఆలేరు ప్రాంతపు శారాజిపేటలో చింతకింది మల్లేశము తల్లి పోచంపల్లి తరహా చీరెకు ఆసు పోయుచుండెను. ఒక్క చీరెకు సుమారు తొమ్మిదివేల మారులు చేయి అటునిటు ఆడవలయును. ఆమె భుజపు నొప్పి చూడలేక, పెద్ద చదువులు లేని ఆ కుమారుడు ఏండ్ల తరబడి పాటుపడి 1999లో ఆసుయంత్రమును నిర్మించెను. 2017లో ఆయనకు పద్మశ్రీ లభించెను. ఆ యంత్రము ఎన్ని భుజములను కాపాడినదో! అది వైద్యము కాదా? ఆరోగ్యశ్రీ పట్టికలో దాని సంఖ్య యెంత? మగ్గపు గుంటకు చెమ్మ తగులని అడుగు, కూర్చుండుటకు ఆనుడు, బీడీ చుట్టుటకు ఇంటికి వేరుగా గాలి యాడు ఒక సాల — ఇవి యెల్ల దుబ్బాకకు వైద్యములే.

ఒక ఆక్షేపణ గలదు. “ప్రాథమిక ఆరోగ్యకేంద్రములు ఉన్నవి గదా, జనులే పోరు” అందురు. పోకపోవుటకు హేతువు అడిగితిమా? పగటిపూట దవాఖానకు పోయిన నేతగాడు ఆనాటి కూలి పోగొట్టుకొనును. ఊరి ఆర్‌.ఎం.పీ. రాత్రి ఎనిమిదింటికిని తలుపు తీయును, అరువు పెట్టును. వాడు శాస్త్ర మెఱుగడు గాని, నేతగాని గడియార మెఱుగును. శాస్త్ర మెఱిగినవారిని ఆ గడియారము ప్రకారము కూర్చుండబెట్టుట అసాధ్యమా? సిద్దిపేటలో 2018 నుండి ప్రభుత్వ వైద్యకళాశాల నడచుచున్నది. అచటి పిల్లలు మూడుమాసములు మగ్గముల వీధిలో సాయంకాలపు దవాఖాన నడపినచో వారికిని చదువే, ఊరికిని మేలే.

1946లో భోర్ సంఘము, సొమ్ము చెల్లింపలేని కారణమున ఎవరికిని వైద్యము తప్పరాదని చెప్పి, గ్రామ కేంద్రములనే పునాదిగా నిర్దేశించెను. 2017 నాటి జాతీయ ఆరోగ్యవిధానము ఆరోగ్యధనములో మూడింట రెండుపాళ్లు లేక అంతకెక్కువ ప్రాథమిక వైద్యమునకే పోవలెనని వ్రాసికొన్నది. మాట కొఱత లేదు. పద్దు కొఱత యున్నది.

ఆరోగ్యశ్రీని తీసివేయుడని నే ననను. తీసివేసినచో ఆ మూడవ దారి మూసికొనిపోవును. పై మితిని పెంచిన చేతితోనే క్రింది మాత్రకును దారి చూపుడని మాత్రము అనుచున్నాను. చదువరులారా, మన యిండ్లలో నేటి దుప్పటియో, తువ్వాలో, చీరెయో ఇట్టి యే గుంటమగ్గము మీదనో పుట్టినదే. రేపు ఓటడుగ వచ్చినవానిని, చీటి మీది లక్ష లెన్ని యని కాక, మా యూరి దవాఖానలో రక్తపోటు మాత్ర ఈ నెల యున్నదా, రాత్రి ఏడింటికి తలుపు తీసియుండునా అని అడుగుడు. ఆ ప్రశ్నకు సమాధానము చెప్పవలసివచ్చిననాడు పద్దు దానంతటదే మారును.