వృత్తివిద్య ఫలితాలు: ‘వృత్తి’కీ ‘ఉపాధి’కీ మధ్య తేడా

వృత్తివిద్య పూర్తిచేసిన వారిలో ఎందరికి ఉపాధి దొరికిందన్న ప్రశ్నకు నివేదికలు శాతాలలో సమాధానం చెబుతాయి. ఆ శాతాల వెనుక ‘ఉపాధి’ అన్న మాటకు ఏ అర్థం స్థిరపడిందో విచారించడం ఈ వ్యాసం ఉద్దేశం.

‘వృత్తి’ అంటే జీవనోపాయం. తెలుగు వాడుకలో ఆ మాట వెంటనే ఒక పనితనాన్ని స్ఫురింపజేస్తుంది: నేత, వడ్రంగం, కమ్మరం. ఏ పని అన్నది అందులోనే ఉంటుంది. ‘ఉపాధి’ పని ఉందా లేదా అన్నంతవరకే చెబుతుంది. 2014లో మొదలైన దీన్‌దయాళ్ ఉపాధ్యాయ గ్రామీణ కౌశల్య యోజన, శిక్షణ పొందినవారిలో కనీసం 70 శాతం మందికి ఉద్యోగం చూపాలని లక్ష్యం పెట్టుకుంది. ఒట్టి శాతాన్నే చూసే పాఠకుడికి, వైరింగ్ నేర్చి ఆ పనిలోనే స్థిరపడిన యువకుడికీ, అదే నేర్చి బట్టల దుకాణంలో చేరిన యువకుడికీ తేడా తెలియదు. నా అభ్యంతరం ఇక్కడే.

వనస్థలిపురం పరిసరాలలో ఈ తేడా కళ్లకు కడుతుంది. విజయవాడ రహదారి పక్కన ఆటోనగర్ షెడ్లలో లారీల మరమ్మతు, వెల్డింగ్ సాగుతుంటాయి. అక్కడ చిన్ననాటి నుంచి ఉస్తాద్ దగ్గర పని నేర్చినవారికి పని ఉంది, పత్రం లేదు. కొద్ది కిలోమీటర్ల దూరంలో దిల్‌సుఖ్‌నగర్ కోచింగ్ కేంద్రాలున్నాయి. ఐ.టి.ఐ. పత్రం చేతపట్టుకొని పోటీపరీక్షల వైపు నడిచే యువకులకు ఆ దారి బాగా తెలుసు.

వీరికి ఒళ్లు వంచడం ఇష్టం లేదనే మాట తరచు వినబడుతుంది. అది తొందరపాటు తీర్పు. విద్యుత్ పంపిణీ సంస్థల జూనియర్ లైన్‌మన్ కొలువుకు ఐ.టి.ఐ. వంటి అర్హత కావాలి, స్తంభం ఎక్కే పరీక్ష కూడా నెగ్గాలి. ఆ ప్రకటన కోసం ఏళ్లు ఎదురుచూసేవాడు శ్రమను తప్పించుకుంటున్నాడని ఎలా అనగలం? అతడు కోరేది నేర్చిన పనే, కాకపోతే నెలజీతంతో, భద్రతతో. ఇంటర్ ఒకేషనల్ చదివి, బ్రిడ్జి కోర్సు రాసి సాధారణ డిగ్రీకి మళ్లే విద్యార్థి సంగతి కొంత వేరు. అతడు వృత్తినే వదులుకుంటున్నాడు. ఈ ఇద్దరినీ ‘ఉపాధి పొందనివారు’ అన్న ఒకే గడిలో వేస్తే మిగిలేది అంకె మాత్రమే.

భద్రిరాజు కృష్ణమూర్తి సంపాదకత్వంలో వచ్చిన మాండలిక వృత్తి పదకోశం ఇక్కడ గుర్తుకు రావడం సహజం. వ్యవసాయ పదాల సంపుటం 1962లో, చేనేత సంపుటం 1971లో వెలువడ్డాయి. పనిముట్టు పేరేమిటో తేల్చవలసి వచ్చినప్పుడు ఆ పరిశోధకులు నిఘంటువుల దగ్గర ఆగిపోక రైతునూ నేతగాడినీ అడిగారు. వృత్తిని గురించి చెప్పే అధికారం వృత్తిదారుడిదేనన్న ఆ పద్ధతి ఉపాధి సర్వేలకు ఇంకా అలవడలేదు. పట్టభద్రుడిని జీతమెంత అని అడిగాక, నేర్చినదానిలో ఇవాళ ఏది చేతికి పనికొచ్చిందని అడిగే గడి కూడా ఆ పత్రంలో ఉండాలి.