గంట మోగుతుంది, పద్యం ఆగదు

గంట తేవడం మరిచిపోయారు. నిర్వాహకుల్లో ఒకాయన వంటల వైపు పరుగెత్తి ఒక స్టీలు గ్లాసు, చెంచా పట్టుకొచ్చాడు. ఆ రోజు గంట మోతల్ని లెక్కపెట్టే ఘంటా గణనం ఆ గ్లాసు మీదే నడిచింది. ఒక చిన్న ఊళ్లో, అక్కడి సాహితీ సంస్థ వార్షికోత్సవంలో నేను చూసిన మొదటి అష్టావధానం అది. మూడు గంటలపాటు ప్రశ్నలడిగే ఎనిమిది మంది పృచ్ఛకులు అవధానిని ఎనిమిది వైపులకూ లాగారు. చివర్లో పద్యాలన్నీ అప్పజెప్పాక, "మోతలు 37" అన్నాడు అవధాని. గ్లాసాయన కాగితం చూసుకుని 37 అని తలూపాడు. అవధాని ఆగలేదు. "మధ్యలో కాఫీ కలిపిన చెంచా మోత ఇంకోటి ఉంది. దాన్ని వదిలేశాను" అన్నాడు. హాలంతా చప్పట్లు.

ఆ గ్లాసు మోత ఇప్పుడు గుర్తుకు రావడానికి కారణం ఉంది. హైదరాబాదు సుల్తాన్ బజారులోని శ్రీకృష్ణదేవరాయాంధ్ర భాషానిలయానికి 2026 సెప్టెంబర్ 1తో 125 ఏళ్లు నిండుతాయి. 1901లో కొమర్రాజు లక్ష్మణరావు, రావిచెట్టు రంగారావు, మునగాల రాజా నాయని వెంకటరంగారావు వంటి వారు పూనుకుని పెట్టిన సంస్థ ఇది. అప్పట్లో ఆ పేట బ్రిటిష్ రెసిడెన్సీ బజారు. నిజాం రాజ్యంలో కచేరీ భాష ఉర్దూ, పెద్ద చదువుల భాషా క్రమంగా అదే అయింది. తెలుగు ఇంటి గడప లోపలి భాష. ఇరవై ఏళ్లు గడిచాక కూడా, 1921లో, అదే ఊళ్లో జరిగిన ఒక సభలో ఆలంపల్లి వెంకటరామారావు తెలుగులో మాట్లాడబోతే గేలి చేశారు. అలాంటి చోట తెలుగు పుస్తకాలు పేర్చి, పైన రాయలవారి పేరు రాసి పెట్టడం చిన్న పని కాదు. 1904లో హనుమకొండలో రాజరాజ నరేంద్రుడి పేరుతో ఇంకో భాషా నిలయం లేచింది. 1943లో ఆంధ్ర సారస్వత పరిషత్తు వచ్చింది. తెలంగాణ రాష్ట్రం ఏర్పడ్డాక అది తెలంగాణ సారస్వత పరిషత్తు అయింది.

ఇలాంటి సంస్థల ఉత్సవాలు ఎలా ఉంటాయో మనకు తెలియంది కాదు. జ్యోతి వెలిగిస్తారు, ప్రత్యేక సంచిక ఆవిష్కరిస్తారు, అయిదుగురికి శాలువాలు కప్పుతారు, ఆరో ఆయన శాలువా ఎక్కడో కనపడదు. ఉపన్యాసాలు ఒకదాన్ని మించి ఒకటి సాగుతాయి. ఎగతాళికి అనడం లేదు. అలాంటి సభల్లోనే గట్టి పనులు జరిగాయి. 1953లో అలంపురంలో పరిషత్తు సభల్లోనే కాళోజీ 'నా గొడవ'ను శ్రీశ్రీ ఆవిష్కరించాడు. కానీ ఉత్సవంలోని ప్రతి అంశాన్నీ ఇంటి దగ్గర తయారుచేసుకుని తేవచ్చు. ఉపన్యాసం రాసుకుని రావచ్చు, నృత్యం నెల రోజులు సాధన చేసి రావచ్చు. ఒక్క అవధానమే అక్కడికక్కడ, అందరి కళ్లెదుట పుట్టాలి. ఏం అడుగుతారో అవధానికి తెలియదు, ఏం చెబుతాడో మనకు తెలియదు. భాషను దాచిపెట్టడానికి మొదలైన సంస్థ, ఆ భాష ఇంకా ఊపిరి పీలుస్తోందా లేదా అని పరీక్షించుకోదలిస్తే, ఇంతకన్నా మంచి పరీక్ష నాకు తట్టదు.

లోపల జరిగేదేమిటో కాస్త దగ్గరగా చూద్దాం. ఎనిమిది అంశాలు ఏవన్నది సభను బట్టి కొంచెం మారుతుంది గానీ నిషిద్ధాక్షరి, సమస్య, దత్తపది, వర్ణన, ఆశువు, అప్రస్తుత ప్రసంగం దాదాపు ఎక్కడైనా ఉంటాయి. మొదటి మూడింటిలో అవధాని ఒక ఆవృత్తానికి ఒక్క పాదమే చెప్పి, తరువాతి పృచ్ఛకుడి వైపు తిరుగుతాడు. మళ్లీ తన దగ్గరికి వచ్చేసరికి చాలాసేపు గడిచిపోయి ఉంటుంది. ఈ మధ్యలో వేరే ఛందస్సులు, వేరే విషయాలు, గ్లాసు మోతలు.

నిషిద్ధాక్షరిలో ప్రతి అక్షరానికీ ముందు పృచ్ఛకుడు ఒక హల్లును నిషేధిస్తాడు. కూర్చున్నచోట నేను అల్లుకున్న ఉదాహరణ ఒకటి చెబుతాను. విషయం సరస్వతి, ఛందస్సు కందం. అవధాని "శ్రీ" అన్నాడు. "శ్రీవాణి" అంటాడేమోనని పృచ్ఛకుడు వకారాన్ని మూశాడు. అవధాని "భా" అన్నాడు. ఓహో, భారతి! రకారం నిషిద్ధం. అవధాని "షా" అన్నాడు. భాషాసతి కావచ్చు, కాబట్టి సకారం వద్దు. "రూ" అన్నాడు అవధాని. ఇక రూపిణి తప్ప దారేముంది? పకారం నిషిద్ధం. అవధాని చిరునవ్వుతో "ఢ" అన్నాడు. "శ్రీభాషారూఢవుగా!" భాషారూప అనుకున్నది కాస్తా భాషా ప్లస్ ఆరూఢ అయింది. హంసనెక్కే తల్లి ఈ పద్యంలో భాషనెక్కింది. పృచ్ఛకుడు వేసిన అడ్డమే పద్యానికి అందం తెచ్చింది. ఆటలోని రుచంతా అక్కడే ఉంది.

అయితే గమనించండి, రెండో అక్షరంగా "భా" అనగానే అవధాని తన చేతికి తానే సంకెల వేసుకున్నాడు. కందంలో నాలుగు పాదాలకూ రెండో హల్లు ఒకటే కావాలి, అది ప్రాస. మొదటి పాదం గురువుతో మొదలైతే తక్కినవీ గురువుతోనే మొదలవ్వాలి. అంటే శోభ, వైభవం, ప్రాభవం, లాభం, సౌభాగ్యం వంటి మాటలే దిక్కు. అభయం పనికిరాదు, ప్రభ పనికిరాదు. నిండు సభలో కూర్చుని "సభ" అనే మాటతో పాదం మొదలుపెట్టలేడు.

సమస్యాపూరణం సంగతి వేరు. అర్థంలేని ఆఖరి పాదం ఇచ్చి, ముందు మూడు పాదాలు కలిపి అర్థం పుట్టించమంటారు. "రాతికి రెక్కలు మొలిచెను రాతిరి వేళన్" అని అడిగాననుకోండి. తేలిక దారి, రెక్కల కొండ మైనాకుడి కథ విని నిద్రపోయిన పిల్లవాడి కలలోకి దాన్ని తోసేయడం. తప్పేం లేదు, అయితే కలలోకి తోయలేని సమస్య లోకంలో ఏదీ ఉండదు కాబట్టి పెద్దగా మార్కులు పడవు. ముదిరిన అవధాని రాయి జోలికే పోడు. మూడో పాదాన్ని "సురా" అని ముగిస్తాడు. అప్పుడది "సురారాతికి" అవుతుంది. అరాతి అంటే శత్రువు, సురారాతి రాక్షసుడు. నిశాచరుడికి రాత్రివేళ రెక్కలు రాకపోతే ఇంకెప్పుడొస్తాయి? అడిగినవాడి పాదంలో ఒక్క అక్షరమూ కదల్లేదు, రాయి మాత్రం మాయమైంది.

దత్తపదిలో నాలుగు మాటలిచ్చి, వాటిని వాటి అసలు అర్థంలో వాడకుండా పద్యం చెప్పమంటారు. కారు, లారీ, ఆటో, రైలు ఇచ్చి కృష్ణుడి బాల్యం చెప్పమన్నారనుకుందాం. కారుమబ్బు మేనిలో కారు ఇమిడిపోతుంది. లీలారీతుల్లో లారీ ఉంది. "ఆటో, పాటో" అంటే ఆటో కుదిరింది. రైలు మీద రెండు రోజులు బుర్ర బద్దలు కొట్టుకున్నాను, నాకు దారి దొరకలేదు.

అప్రస్తుత ప్రసంగం చేసేవాడి పని చెడగొట్టడమే. అవధాని పాదం కూర్చుకుంటుంటే "అయ్యా, ఉప్మాలో జీడిపప్పు ఎందుకు కనపడదు?" అని అడుగుతాడు. నవ్వించేలా జవాబు చెప్పాలి, చేతిలోని గణం జారకూడదు. పల్లెల్లో అవధానం చూడటానికి వచ్చేవాళ్లలో సగం మంది దీనికోసమే వస్తారు. ఈ పృచ్ఛకుడు మొరటుగా ఉంటే సభంతా పాడవుతుంది. అలాంటివీ చూశాను.

ఇన్ని పద్యాలు చివర్లో వరుసగా ఎలా అప్పజెబుతారు? దీన్ని జ్ఞాపకశక్తి అద్భుతమంటారు గానీ, నాకు అంతకన్నా ఛందస్సు అద్భుతంగా కనిపిస్తుంది. కందం అని గుర్తుంటే కొలత తెలిసినట్టే. ప్రాస గుర్తుంటే ప్రతి పాదం రెండో హల్లు దొరికినట్టే. రెండు, నాలుగు పాదాల నడుమ యతి ఇంకో కొక్కెం. పైన సమస్యలో "రాతికి", "రాతిరి" రెండూ "రా"తో మొదలవడం ఊరికే కాదు, అది యతి. మాట జారినా ఈ కొక్కేలకు చిక్కుకుంటుంది. అచ్చుయంత్రం లేని కాలంలో మన పద్యం నోటి నుంచి నోటికి చెక్కుచెదరకుండా నడిచింది ఈ పనిముట్లతోనే. మనం అలంకారమనుకునేవి నిజానికి తాళంచెవులు.

ఆధునిక కాలంలో ఈ విద్యకు ఆద్యుడిగా మాడభూషి వేంకటాచార్యుల పేరు చెబుతారు. దాన్ని ఊరూరా తిప్పినవాళ్లు మాత్రం దివాకర్ల తిరుపతిశాస్త్రి, చెళ్లపిళ్ల వేంకటశాస్త్రి. ఇద్దరూ కలిసి తిరుపతి వేంకట కవులు. గద్వాల, ఆత్మకూరు, వనపర్తి సంస్థానాల దాకా వెళ్లి ఇటు తెలంగాణలోనూ పద్యానికి జనాన్ని పోగుచేశారు. తిరుపతిశాస్త్రి 1920లో పోయాక కూడా చెళ్లపిళ్ల ఇద్దరి పేరూ వదల్లేదు. 1949లో మద్రాసు ప్రభుత్వం ఆయన్ని ఆస్థానకవిని చేసింది. ఆ తరువాత సి.వి. సుబ్బన్న, మేడసాని మోహన్, మాడుగుల నాగఫణి శర్మ, గరికిపాటి నరసింహారావు వరకూ వరుస ఉంది. దళిత కుటుంబంలో పుట్టి అనంతపురం జిల్లా నుంచి అవధానిగా ఎదిగిన ఆశావాది ప్రకాశరావుకు 2021లో పద్మశ్రీ వచ్చింది. బులుసు అపర్ణ శతావధానాలు చేస్తున్నారు. ఒకప్పుడు కొన్ని ఇళ్లకే పరిమితమైన విద్య గడప దాటిందనడానికి ఈ రెండు పేర్లు చాలు.

అవధానాన్ని గారడీ అన్నవాళ్లు మొదటి నుంచీ ఉన్నారు. వాళ్ల మాట కొట్టిపారేయలేను. అవధాన పద్యాల్లో మరునాటికి నిలిచేవి తక్కువ, ఆ సంగతి అవధానులకే బాగా తెలుసు. కానీ నేను ఆ పద్యాల కోసం వెళ్లను. నా పక్కన కూర్చున్న రిటైరైన లెక్కల మాస్టారు, ఒక హల్లు మూశారనగానే అవధాని ఏ అక్షరం అంటాడో ముందే గొణుగుతాడు, దానికోసం వెళ్తాను. ఆయన ఎప్పుడూ పద్యం రాయలేదు. అవధాని ఇరుక్కుంటే తానూ ఇరుక్కుంటాడు, బయటపడితే కుర్చీలో వెనక్కి వాలి ఊపిరి వదులుతాడు. భాష మీద అంత పట్టున్న శ్రోత ఒక్కరోజులో తయారవడు.

సెప్టెంబర్‌లో సుల్తాన్ బజారులో అవధానం పెడితే దత్తపది నాకిమ్మని అడుగుతాను. గంట నేనే ఇంటి నుంచి తెస్తాను. నాలుగో మాట మాత్రం రైలే.